డీప్ పర్పుల్ లైవ్: ఒక్క పాటే వినిపించాలంటే ఏది?

పాతక్యాసెట్
ఒక చిన్న గొడవ తీర్చండి. నా స్నేహితుడొకడు డీప్ పర్పుల్ పేరు వినడమే తప్ప పాట వినలేదు. "ఒక్కటంటే ఒక్కటి పెట్టు, అదీ స్టేజి మీద వాయించింది. నచ్చితే మిగతావి వింటా, లేకపోతే ఇక ఆ ఊసెత్తకు" అని షరతు పెట్టాడు. నేను ఆలోచించకుండా 'స్మోక్ ఆన్ ద వాటర్' అన్నాను. పక్కనున్న ఇంకో మిత్రుడు పకపకా నవ్వాడు. "అది వాళ్ల గుమ్మం ముందు బోర్డు. ఇల్లు కాదు" అన్నాడు. అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు.

1968 నుంచి ఉన్న బ్యాండు. పాడేవాళ్లు మారారు, గిటారిస్టులు మారారు, 1976 నుంచి 1984 దాకా అసలు బ్యాండే లేదు. ఇన్ని మారినా, స్టేజి మీద డీప్ పర్పుల్ అంటే ఇదీ అని చూపించే పాట ఒకటుందా? ఉంటే ఏది, ఎందుకు? "అన్నీ బాగుంటాయి" అనేవాళ్లు దయచేసి వేరే థ్రెడ్ చూసుకోండి.

ఆరోతీగ
హైవే స్టార్. తర్వాతి ప్రశ్న?

నిద్రలేని_శ్రోత
చైల్డ్ ఇన్ టైమ్. తర్వాతి ప్రశ్న అక్కర్లేదు.

డప్పుశబ్దం
ద మ్యూల్.

గొంతుబొంగురు
మొదలైంది. నేను నీళ్లసీసా తెచ్చుకుని కూర్చుంటున్నా.

సెకండ్_సైడ్
తొందరపడకండి. ముందు ఏ ప్రదర్శన గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. లైవ్ అనగానే మనలో చాలామందికి తట్టేది 'మేడ్ ఇన్ జపాన్'. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యో బుడోకాన్‌లో రికార్డు చేశారు. ఏడు పాటలు, రెండు ఎల్పీలు. తర్వాత స్టూడియోలో కూర్చుని అతుకులు వెయ్యలేదు. ఆ రాత్రి ఎలా వాయించారో అలాగే బయటికొచ్చింది.

ఆ ఏడింటిలో నా ఓటు స్పేస్ ట్రకిన్‌కి. స్టూడియోలో నాలుగున్నర నిమిషాల పాట. ఒసాకాలో దాదాపు ఇరవై నిమిషాలు, నాలుగో వైపు మొత్తం అదే. మాటలున్న పాట తొందరగానే అయిపోతుంది, మిగతాదంతా వాళ్ల ఇష్టం. ఇంకో సంగతి. ఆ సాగదీసిన భాగం నిజానికి ఈ పాటది కాదు. 1968లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో 'మాండ్రేక్ రూట్' అని ఒకటుంది. స్టేజి మీద దాని చివర్లో గంటలు గంటలు (సరే, నిమిషాలు) వాయించేవాళ్లు. పాత పాటను పక్కన పెట్టాక ఆ వాయింపును తెచ్చి ఈ కొత్త పాటకు తగిలించారు. గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ వాల్యూమ్ తిప్పుతూ గిటారును సెల్లోలా మూలిగించే ముక్క 'ఫూల్స్' అనే ఇంకో పాటలోంచి వచ్చింది. నాలుగేళ్లుగా స్టేజి మీద పోగేసుకున్నదంతా ఒకే మూటలో కట్టారు. నాకు డీప్ పర్పుల్ లైవ్ అంటే ఆ మూటే.

ఆరోతీగ
@సెకండ్_సైడ్ మాస్టారూ, ఇరవై నిమిషాల మూట తెచ్చి కొత్తవాడి నెత్తిన పెడితే వాడు పారిపోతాడు. షరతు చదివారా? ఒక్క పాటే.

హైవే స్టార్ పుట్టిందే ప్రయాణంలో. 1971లో పోర్ట్స్‌మత్‌లో ప్రదర్శనకు బస్సులో వెళ్తుంటే ఒక విలేకరి "మీరు పాటలెలా కడతారు?" అని అడిగాడు. "ఇలా" అని బ్లాక్‌మోర్ గిటారు తీసి ఒకే స్వరం మీద గీకడం మొదలెట్టాడు, గాయకుడు ఇయాన్ గిలన్ నోటికొచ్చిన మాటలు అందుకున్నాడు. ఆ రాత్రే స్టేజి ఎక్కించారు. ఆల్బమ్‌లోకి ఎక్కడానికి ముందే జర్మన్ టీవీలో 'బీట్ క్లబ్' కార్యక్రమంలో వాయించిన వీడియో ఉంది. మాటలు ఇంకా కుదరలేదు, గిలన్ ఏదో ఒకటి కలిపి పాడేస్తుంటాడు. అయినా ఆ ఊపు చూడండి. స్టూడియోకి వెళ్లకముందే స్టేజి మీద పెరిగిన పాట లైవ్ పాట కాకపోతే ఇంకేది?

నిద్రలేని_శ్రోత
అదే లెక్కయితే నేనే గెలిచాను. చైల్డ్ ఇన్ టైమ్ 'ఇన్ రాక్' ఆల్బమ్‌లో వచ్చింది 1970లో. కానీ 1969 సెప్టెంబరు 24న రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఆర్గన్ వాయించే జాన్ లార్డ్ తన కాన్సర్టోను ఆర్కెస్ట్రాతో కలిపి వాయించిన రాత్రి ఉంది చూడండి, ఆ రాత్రి మొదట్లో బ్యాండు విడిగా వాయించిన వాటిలో ఈ పాట ఉంది. గిలన్, బాస్ గిటారిస్టు గ్లోవర్ బ్యాండులో చేరి అప్పటికి కొన్ని నెలలే.

దాని పుట్టుక కూడా అందరికీ తెలియాలి. ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే అని శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాండుకు 'బాంబే కాలింగ్' అని వయొలిన్‌తో సాగే వాద్యగీతం ఉంది. లార్డ్ ఆ వరస అందుకుని నెమ్మదిగా వాయిస్తుంటే గిలన్ పైన రాగం తీశాడు. పాట తయారు. (వాళ్లూ ఊరుకోలేదు. తర్వాతి ఆల్బమ్‌లో డీప్ పర్పుల్ 'రింగ్ దట్ నెక్'లోంచి వరస తీసుకున్నారు. చెల్లుకు చెల్లు.)

ఒసాకాలో పాడింది వినండి. మొదటి రెండు నిమిషాలు ఎవరో పక్కగదిలో తలుపు వేసుకుని పాడుతున్నట్టుంటుంది. తర్వాత మాటలే లేని ఆ కేక మూడు మెట్లు ఎక్కుతుంది. మూడో మెట్టు దగ్గర నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పన్నెండు నిమిషాల్లో గుసగుస దగ్గర్నుంచి గోడలు కూలేదాకా ఒకే బ్యాండు. ఇంకే పాటలో అంత దూరం నడిచారు?

గొంతుబొంగురు
ఆ మూడో మెట్టు గురించి అనుభవంతో చెప్తున్నా. మా బ్యాండులో నేను గాయకుణ్ని. అంటే గాయకుణ్ని "అనేవాళ్లు". ఒకసారి నలుగురూ రెచ్చగొడితే చైల్డ్ ఇన్ టైమ్ ఎత్తుకున్నాం. మొదటి మెట్టు ఎక్కాను. రెండోది సగం ఎక్కాను. మూడోది నా బదులు కీబోర్డువాడు వాయించాడు. పాట అయ్యాక ముందు వరసలో ఒకాయన లేచొచ్చి "బాబూ, తేనె తాగు" అన్నాడు. నాలుగు రోజులు సైగలతో బతికాను. ఈ పేరు అప్పుడే పెట్టుకున్నా.

గిలన్‌కి ఆ రాత్రి ఇంకా 27 నిండలేదు, మూడు రోజుల్లో నిండుతాయి. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు కోపమొస్తుంది.

ఆర్గన్_పిచ్చి
ఆలస్యంగా వచ్చాను. గిటారు అంటారు, గొంతు అంటారు, అసలు ఆ బ్యాండుకు ఆ ధ్వని ఎక్కడిది? లార్డ్ హమ్మండ్ సీ3 ఆర్గన్‌ను తీసుకెళ్లి గిటారువాళ్లు వాడే మార్షల్ ఆంప్లిఫయర్‌కు కలిపేశాడు. గుళ్లో... క్షమించాలి, చర్చిలో వినాల్సిన వాద్యం సింహంలా గర్జించడం మొదలెట్టింది. కళ్లు మూసుకుని వింటే చాలాచోట్ల ఏది గిటారో ఏది ఆర్గనో చెప్పలేం.

కాబట్టి: లేజీ. టోక్యోలో వాయించింది. ఒక్క ఆర్గనే ముందు రొదపెట్టి, సాగి, ఆగి, ఊరించి, చివరికి ఆ వరసలోకి దిగుతుంది. తర్వాత బ్లాక్‌మోర్ తన సోలో మధ్యలో స్వీడన్ స్వరకర్త ఆల్ఫ్వెన్ కట్టిన రాప్సొడీ ముక్క అల్లరిగా దూరుస్తాడు. నవ్వుతూ వాయిస్తున్నారని వినేవాడికి తెలుస్తుంది. మీరు చెప్పినవన్నీ గంభీరమైన పాటలు. స్టేజి మీద వీళ్లు ఎంత ఆటపట్టించుకునేవాళ్లో లేజీలోనే వినపడుతుంది.

గొంతుబొంగురు
ఆటపట్టించుకోవడమంటే స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్ కదా? బ్లాక్‌మోర్ ఒక ముక్క వాయిస్తాడు, గిలన్ అదే గొంతుతో అంటాడు. వాడు ఇంకా కష్టమైంది వేస్తాడు, వీడు అదీ అంటాడు. పక్కా జుగల్బందీ. చివర్లో గిలన్ ఊపిరి ఎక్కణ్నుంచి తెస్తాడో తెలీదు.

డప్పుశబ్దం
ద మ్యూల్ అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. మళ్లీ అంటున్నాను.

ఆరోతీగ
డ్రమ్ సోలో వచ్చినప్పుడే కదా అందరూ లేచి బయటికెళ్లేది.

డప్పుశబ్దం
అందుకే నువ్వు ఇన్నేళ్లుగా లయ తప్పుతున్నావు.

మూడోవరస
నేను వీళ్లను కళ్లారా చూసినవాణ్ని కాబట్టి కాస్త వేరే మాట చెప్తాను. నేను చూసినప్పుడు గిటారు స్టీవ్ మోర్స్, ఆర్గన్ డాన్ ఏరీ. అంటే మీరు మాట్లాడుతున్న 1972 ఐదుగురిలో ముగ్గురే మిగిలారు. అయినా ఆ రాత్రి హాలంతా ఒక్కటైన క్షణం ఏదంటే స్మోక్ ఆన్ ద వాటరే. మోర్స్ దాని ముందు వేరే బ్యాండుల పేరున్న రిఫ్‌లు (పాటను గుర్తుపట్టించే చిన్న గిటారు వరసలు) ఒక్కోటి రుచి చూపించి, జనం అరిచాక వదిలేసి, చివరికి ఆ నాలుగు స్వరాలూ వేశాడు. నా పక్కన ఒక పెద్దాయన ఉన్నాడు. అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డవాడు ఆ రిఫ్ వినగానే చిన్నపిల్లాడైపోయాడు. పల్లవి మొత్తం జనమే పాడారు, గిలన్ మైకు అటు తిప్పి నిలబడ్డాడు.

బోర్డు అని నవ్వడం తేలిక. బోర్డు లేకపోతే ఇల్లెలా దొరుకుతుంది?

సెకండ్_సైడ్
@మూడోవరస మీరు చెప్పింది జనం గురించి, బ్యాండు గురించి కాదు. జనం పాడే పాట ఏ బ్యాండుకైనా ఒకటుంటుంది. ఒక ముఖ్యమైన సంగతి గుర్తుచేస్తాను. ఒసాకాలో ఆ పాట వాయించేనాటికి అది హిట్ కాదు. ఆ పాటున్న 'మెషీన్ హెడ్' ఆల్బమ్ 1972 మార్చిలో వచ్చినప్పుడు వాళ్లు సింగిల్‌గా ఎంచుకున్నది 'నెవర్ బిఫోర్'. స్మోక్ ఆన్ ద వాటర్ సింగిల్‌గా వచ్చి అమెరికాలో నాలుగో స్థానం దాకా ఎక్కింది 1973లో. అంటే ఒసాకా జనం చప్పట్లు కొట్టింది ఇంకా మామూలు పాటకే. ఆ రికార్డింగులో దాన్ని సెట్లో మిగతావాటిలో ఒకటిగా వాయించారు, పతాకంలా కాదు. అలా వాయించినప్పుడే అది బాగుంది. తర్వాత అది జాతీయగీతం అయిపోయింది, అక్కణ్నుంచి పాడైంది.

మూడోవరస
నలభై ఏళ్లు జనం పాడితే పాట పాడైపోతుందా? ఇదెక్కడి న్యాయమండీ.

పాతక్యాసెట్
నా పక్షాన ఒకరైనా దొరికారు. @మూడోవరస ధన్యవాదాలు.

స్మోక్ గురించి ఇంకొకటి. అది కాలిన కాసినో గురించిన పాట అని అందరికీ తెలుసు. 1971 డిసెంబరు 4, స్విట్జర్లాండ్‌లోని మాంట్రో, ఫ్రాంక్ జప్పా ప్రదర్శన జరుగుతుంటే ఎవడో ఫ్లేర్ గన్ (మంట వదిలే తుపాకి) పేల్చాడు, కాసినో మొత్తం కాలిపోయింది. వీళ్లు మర్నాటి నుంచి అక్కడే రికార్డింగు చేసుకోవాల్సింది. పాటకు పునాది పడిన చోటు ఇంకా తమాషా. పావిలియన్ అనే థియేటర్లో రాత్రిపూట ఆ రిఫ్ రికార్డు చేస్తుంటే చుట్టుపక్కలవాళ్లు నిద్ర చెడిందని పోలీసుల్ని పిలిచారు. బయట పోలీసులు తలుపు బాదుతుంటే లోపల సిబ్బంది తలుపుకు అడ్డంగా నిలబడ్డారు, టేకు పూర్తయ్యేదాకా. ఆ హాల్లో అంతకుమించి ఇంకేదీ రికార్డు చెయ్యనివ్వలేదు. స్టూడియో పాటే గానీ పుట్టుకలోనే ఒక స్టేజి గొడవ ఉంది కదా. నేను ఊరికే అనలేదు.

ఆరోతీగ
రిఫ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి మనవి: గిటారు దుకాణాల్లో దాన్ని వాయించేవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది తప్పుగా వాయిస్తారు (లెక్క నాది, అడగొద్దు). బ్లాక్‌మోర్ దాన్ని పిక్‌తో వాయించడు. రెండు తీగల్ని ఒకేసారి వేళ్లతో మీటుతాడు, ఆ రెండు స్వరాల మధ్య దూరం 'ఫోర్త్', అంటే మన స నుంచి మ దాకా. అందుకే అది గంటలా మోగుతుంది. మిగతావాళ్లది డబ్బాలా మోగుతుంది. నాదీ మొదటి మూడేళ్లు డబ్బాయే.

కొత్తచెవులు
ఇక్కడ కొత్త. ఒక తెలివితక్కువ ప్రశ్న. నేను మొదట విన్నది గిలన్ తర్వాత వచ్చిన డేవిడ్ కవర్‌డేల్ పాడినది. నాకు 'బర్న్' కంటే గట్టి పాట కనపడలేదు. ఇన్ని పోస్టుల్లో దాని పేరే రాలేదేం?

నిద్రలేని_శ్రోత
తెలివితక్కువ ప్రశ్న కాదు, మంచి ప్రశ్న. బర్న్ గొప్ప పాట. కానీ 1984లో గిలన్ తిరిగొచ్చాక దాన్ని ఎన్నడూ పాడలేదు. కవర్‌డేల్, అతనితోపాటు పాడుతూ బాస్ వాయించిన గ్లెన్ హ్యూస్ కాలం పాటల్ని ఆయన ముట్టుకోడు. బ్యాండు జీవితంలో సగానికి పైగా స్టేజి ఎక్కని పాట బ్యాండును ఎలా చూపిస్తుంది?

కొత్తచెవులు
మరి ఆ లెక్కన కవర్‌డేల్, హ్యూస్ ఉన్నప్పుడు చైల్డ్ ఇన్ టైమ్ పాడారా?

గొంతుబొంగురు
😂😂😂

నిద్రలేని_శ్రోత
...పాడలేదు.

ఆరోతీగ
కొత్తచెవులకు నా తరఫున ఒక దండ.

నిద్రలేని_శ్రోత
నవ్వుకోండి. ఒప్పుకుంటున్నా, పాడలేదు. గిలన్ కూడా 2002 తర్వాత పాడలేదు. వయసుతో గొంతు అక్కడికి వెళ్లదని ఆయనకు తెలుసు, తెలిసి వదిలేశాడు. నాకు అది లోపంలా అనిపించదు. పాడగలిగినన్నాళ్లే పాడిన పాట అది. శ్రుతి తగ్గించి, కోరస్ పిల్లల్ని పెట్టి లాగించలేదు. మీరంతా "ఎవరు వాయించినా నిలిచిన పాట" వెతుకుతున్నారు. నేను "ఆ ఐదుగురు తప్ప ఎవరూ వాయించలేని పాట" వెతుకుతున్నాను. ఇద్దరం లైవ్ అనే మాటనే వాడుతున్నాం కాబట్టి ఈ గొడవ తెగదు.

సెకండ్_సైడ్
ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన మంచి మాట ఇదే. నా స్పేస్ ట్రకిన్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. మాటలున్న భాగం అందరూ వాయించారు. ఆ వెనక భాగం మాత్రం ఎవరుంటే వాళ్లది.

మూడోవరస
వర్తించదండీ. స్పేస్ ట్రకిన్ కవర్‌డేల్ ఉన్నప్పుడూ వాయించారు. 1974 ఏప్రిల్ 6న కాలిఫోర్నియా జామ్ అనే సంగీతోత్సవంలో బ్లాక్‌మోర్ గిటారుతో టీవీ కెమెరాను పొడిచింది ఏ పాటలో? దాంట్లోనే. ఆంప్లిఫయర్లు పేలి మంటలు లేచిందీ దాంట్లోనే. మీ మూట ఐదుగురి సొత్తు కాదు.

సెకండ్_సైడ్
కెమెరాను పొడవడం సంగీతం కిందికి రాదు.

డప్పుశబ్దం
కెమెరామన్ని అడిగితే తెలుస్తుంది.

మోడరేటర్
ఇక్కడ ఒక పోస్టులోంచి "చెవులు అద్దెకిచ్చి వచ్చారా" అన్న వాక్యం తీసేశాను. వాక్యం బాగానే ఉంది. నియమాలు నియమాలే. (నా ఓటు పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్. ఎవరూ అడగలేదు, అయినా.)

ఆర్గన్_పిచ్చి
మోడరేటర్ గారికి నా మద్దతు సగం. పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్ మొదట్లో వచ్చే ఆ ఆర్గన్ వినగానే జనం అరుస్తారు, నిజమే. ఎనిమిదేళ్ల తర్వాత తిరిగొచ్చిన బ్యాండు "మేమింకా ఉన్నాం" అని చెప్పిన పాట. అయితే అది స్టేజి మీద ఆల్బమ్‌లో ఉన్నట్టే ఉంటుంది. అంగుళం కూడా పెరగదు. రేడియో పెట్టుకున్నా అదే వస్తుంది.

ఈ మాటంటే హైవే స్టార్‌కూ తగులుతుందనుకోండి. ఆ గిటారు సోలో బ్లాక్‌మోర్ ముందే స్వరం స్వరం కట్టుకున్నది, పాతకాలపు జర్మన్ స్వరకర్త బాక్ ధోరణిలో. స్టేజి మీద అప్పటికప్పుడు పుట్టింది కాదు.

ఆరోతీగ
వచ్చింది దెబ్బ. సమాధానం చెప్తాను.

అవును, కట్టుకున్న సోలోయే. అందుకే మోర్స్ 28 ఏళ్లపాటు దాన్ని వాయించగలిగాడు, 2022 నుంచి సైమన్ మెక్‌బ్రైడ్ వాయించగలుగుతున్నాడు. బ్లాక్‌మోర్ రెండు విడతలూ కలిపినా మోర్స్ ఉన్నన్నేళ్లు లేడు, ఇది చాలామంది మర్చిపోతారు. కృతి కూడా కట్టుకున్నదే కదా? ఎవరు పాడినా కృతి అదే, పాడేవాణ్ని బట్టి దాని బరువు మారుతుంది. జపాన్ రికార్డింగులో అది సరిగ్గా మొదలయ్యే ముందు ఏం జరుగుతుందో వినండి. స్నేర్ మీద పేస్ రోల్ (డ్రమ్మరు ఎడతెగకుండా వాయించే దరువు), ఆర్గన్ మూలుగు, గిటారు గరగర, ఎవరికి వారు సరిచూసుకుంటున్నట్టుంటుంది. అది పోనుపోనూ చిక్కబడి, ఎక్కడ పాట అయిందో తెలియకుండా పాట అయిపోతుంది. ఆ అర నిమిషం చాలు నాకు. ఇంజను వేడెక్కి బండి కదలడం అంటే అదే. వాళ్లిప్పటికీ ఎక్కువగా దానితోనే సెట్ మొదలెడతారు. యాభై ఏళ్లు దాటింది. మొదటి పాటగా ఇంకోటి దొరకలేదు వాళ్లకే.

నిద్రలేని_శ్రోత
"స్నేర్ మీద పేస్ రోల్" అన్నారు. డ్రమ్స్ వినపడతాయన్నమాట మీకు.

డప్పుశబ్దం
థ్యాంక్యూ మేడమ్. ఇక నా వంతు. ఒక్కసారే చెప్తా, పూర్తిగా చదవండి.

మీరంతా ఎవరు మారారు, ఎవరు మారలేదు అని తగువులాడుతున్నారు. గాయకులు మారారు. గిటారు నాలుగైదు చేతులు మారింది, మధ్యలో 1993 చివర్న బ్లాక్‌మోర్ పర్యటన మధ్యలో వెళ్లిపోతే జో శాట్రియాని అనే గిటారిస్టు వచ్చి జపాన్‌లో ప్రదర్శనలు నిలబెట్టాడు. లార్డ్ 2002లో దిగిపోయాడు, 2012లో కన్నుమూశాడు. 1968 నుంచి ప్రతి లైనప్‌లో ఉన్న మనిషి ఒక్కడే. ఇయాన్ పేస్. ఎడమచేతి వాటం డ్రమ్మరు. మరి స్టేజి మీద ఆ బ్యాండు ఏమిటో చూపించే పాట అంటే ఆ ఒక్కడికీ వదిలేసిన పాట కాక ఇంకేది అవుతుంది?

ద మ్యూల్ పాటగా 'ఫైర్‌బాల్' ఆల్బమ్‌లో ఉంది, పేరు సైన్స్ ఫిక్షన్ రచయిత అసిమోవ్ నవలల్లో పాత్రది. స్టేజి మీద కాసేపు అందరూ వాయించి, పక్కకు తప్పుకుని, అతనికి వదిలేస్తారు. బలప్రదర్శన కాదు. ఒంటిచేత్తో రోల్ ఎంత నెమ్మదిగా మొదలెడతాడో వినండి. నేను ఆ రోల్ నేర్చుకోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది, ఇప్పటికీ పేస్‌లా రాదు, పక్కవాళ్ల గోడలో పెచ్చులు మాత్రం ఊడాయి. తనియావర్తనం వచ్చినప్పుడు లేచి వెళ్లిపోయేవాళ్లు కచేరీ విన్నామని చెప్పుకోకూడదు. అంతే. నేను చెప్పాల్సింది అయింది.

ఆరోతీగ
వాదన బాగుంది. పాట మాత్రం కాదు.

కొత్తచెవులు
నేను నిన్న రాత్రి మీరు చెప్పినవన్నీ వరసగా విన్నాను. జపాన్‌వే. నా నివేదిక: హైవే స్టార్ విన్నాక కుర్చీలో నిటారుగా కూర్చున్నా. చైల్డ్ ఇన్ టైమ్ విన్నాక ఇంట్లోవాళ్లు వచ్చి "ఏమైంది?" అని అడిగారు. స్మోక్ బాగుంది, రిఫ్ నేననుకున్నంత బరువుగా లేదు, తేలిగ్గా ఉంది, అదే నచ్చింది. స్పేస్ ట్రకిన్ మధ్యలో ఒకచోట ఏం జరుగుతోందో అర్థం కాలేదు, వాళ్లకైనా అర్థమైందా అన్న అనుమానం వచ్చింది.

నాకు మళ్లీ పెట్టుకోవాలనిపించింది లేజీ. ఎందుకో చెప్పలేను.

ఆర్గన్_పిచ్చి
నాకు తెలుసు ఎందుకో.

సెకండ్_సైడ్
@కొత్తచెవులు వాళ్లకూ అర్థం కాలేదనే నా నమ్మకం. అందుకే అది నాకిష్టం. మూడు రాత్రులవీ కలిపి 1993లో మూడు సీడీల సెట్ వచ్చింది. అందులో స్పేస్ ట్రకిన్ ఏ రాత్రిది ఆ రాత్రి వేరు. హైవే స్టార్ మూడు రాత్రులూ దాదాపు ఒకటే. ఒకసారి పోల్చి చూడండి, నా మాట మీకే తెలుస్తుంది.

ఇంకొక చిన్న విషయం, చర్చకు సంబంధం లేదు: మన దగ్గర దొరికే మేడ్ ఇన్ జపాన్ అట్ట మీద ఫొటో జపాన్‌ది కాదు. లండన్‌లో తీసింది. జపాన్‌లో వచ్చిన ప్రతికి అట్టా వేరు, పేరూ వేరు.

గొంతుబొంగురు
అంటే ఇన్నాళ్లూ నేను ఆ ఫొటో చూపించి "ఒసాకా జనం చూడండి" అని చెప్పినవాళ్లందరికీ ఇప్పుడు ఫోన్లు చెయ్యాలి.

మూడోవరస
లండన్ అంటే గుర్తొచ్చింది. గిన్నిస్ పుస్తకం వాళ్లను ప్రపంచంలో అతి పెద్ద శబ్దం చేసే బ్యాండుగా ఎక్కించింది అక్కడి రెయిన్‌బో థియేటర్ ప్రదర్శనకే, 117 డెసిబెల్స్ అని. ఏ పాటకో రాయలేదు. రాసుంటే ఈ థ్రెడ్ అవసరముండేది కాదు.

పాతక్యాసెట్
అందరికీ ధన్యవాదాలు, ఏమీ తేలలేదు. నిన్న సాయంత్రం స్నేహితుడు వచ్చాడు. చివరి నిమిషం దాకా స్మోక్ అనే అనుకున్నా. మీ మాటలన్నీ బుర్రలో తిరుగుతుంటే చెయ్యి వణికి మొదటి నుంచి పెట్టేశాను. హైవే స్టార్ వచ్చింది. ఒక పాట అయ్యాక ఆపాలి కదా, షరతు ప్రకారం. ఆపలేదు. వాడూ ఆపమనలేదు. రెండోది చైల్డ్ ఇన్ టైమ్. మూడో మెట్టు దగ్గర (మేడమ్ గారి మెట్టు) వాడు ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. మూడోది స్మోక్, నేను వాడి మొహం చూస్తూ కూర్చున్నా. తల ఊపాడు. అంతే. అంతకు మించి ఏమీ లేదు. నాకు కాస్త మనసు కష్టమైంది.

ఆల్బమ్ సగం అయ్యాక లేచి నిలబడి, "ఆ నాలుగోది ఇంకోసారి పెట్టు" అన్నాడు.

ఆరోతీగ
నాలుగోది ఏది? ఆగండి. రెండో వైపు రెండోది...

గొంతుబొంగురు
అయ్యబాబోయ్.

డప్పుశబ్దం
పేరు రాయండి పాతక్యాసెట్ గారూ. పేరు పూర్తిగా రాయండి.

పాతక్యాసెట్
రాయను.

డప్పుశబ్దం
రెండు మాటలే కదా.

పాతక్యాసెట్
రాయనన్నానా.